పడవలో కాపురం, ఊళ్లో ఫ్లాటని కబురు

ఇంగ్లండ్ నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు, పడవ పేరూ వద్దన్నారు. ఐదు పేజీల ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 29 ఏళ్లు. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ కోనసీమే. పెళ్లయి నాలుగేళ్లు. లండన్‌కు ఉత్తరాన గ్రాండ్ యూనియన్ కాలువలో, గట్టుకు కట్టేసిన 57 అడుగుల నారోబోటులో, అంటే సన్నగా పొడుగ్గా ఉండే ఇంటిపడవలో, భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. ఫ్లాటుకు నెలకు 1,450 పౌండ్లు అద్దె కట్టలేక, దాచుకున్న డబ్బుకు కొంత అప్పు కలిపి మొన్న ఏప్రిల్‌లో కొన్నారు. ఆలోచన భర్తదే అయినా ఆమె కూడా సరదాపడే ఒప్పుకున్నారు. వేసవంతా హాయిగా గడిచింది. గట్టు మీద కుర్చీలు వేసుకుని, రాత్రి తొమ్మిదింటికీ వెలుతురు ఉండగానే భోజనాలు చేశారు. నవంబరు వచ్చేసరికి చుక్కలు కనిపించాయి.

భర్త వారానికి మూడు రోజులు లండన్ ఆఫీసుకు వెళ్తారు. ఆమెది ఇంటి నుంచే, అంటే పడవ నుంచే, చేసే ఉద్యోగం. "నువ్వు ఎలాగూ ఇక్కడే ఉంటావుగా" అన్న ఒక్క మాటతో పనులన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. బొగ్గు పొయ్యి రాజేయడం, బూడిద ఎత్తడం, 20 కిలోల బొగ్గు సంచులు గట్టు మీంచి లోపలికి చేర్చడం, రోజూ రెండు గంటలు ఇంజన్ నడిపి బ్యాటరీలు చార్జి చేయడం, బట్టలు మోసుకుని లాండ్రెట్‌కు, అంటే డబ్బులిచ్చి మెషీన్లో ఉతుక్కునే షాపుకు, వెళ్లడం. అన్నిటికంటే కష్టమైంది టాయిలెట్ కేసెట్, అంటే కమోడ్ కింద మలమూత్రాలు చేరే పెట్టె. మూడు రోజులకోసారి నిండిపోయే ఆ పెట్టెను ట్రాలీకి కట్టి, బురద గట్టు మీద అరమైలు లాక్కెళ్లి పారబోయాలి. భర్తకు ఆ వాసన పడదట, వాంతి వస్తుందట. పరుపు కింద బూజు పట్టింది. గాలి కన్నాల్లోంచి చలి కొడుతోందని ఆమె పాత గుడ్డలు కుక్కారు. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని భర్త అలారం బ్యాటరీ తీసేశారు. "పొద్దున లేవగానే తల పట్టేస్తోంది, టెన్షన్ వల్లే అనుకుంటున్నాను" అని కూడా రాశారు.

ఇక అసలు చిక్కు. రెండు వైపుల పెద్దవాళ్లకూ "ఊళ్లో ఫ్లాటు తీసుకున్నాం" అని చెప్పారు. వీడియో కాల్ వస్తే కిటికీ కనిపించకుండా చెక్క గోడకు ఆనుకుని కూర్చుంటారు. ఇప్పుడు అత్తమామలు "సంక్రాంతికి మీ దగ్గరికే వస్తాం, వీసాకు ఉత్తరం పంపండి" అంటున్నారు. స్నేహితుడి ఇంటి అడ్రసు మన ఇల్లని రాసి పంపేద్దాం, తర్వాత సంగతి తర్వాత అని భర్త. పడవ అమ్మేద్దామని ఈమె. ఏడాదికి పదివేల పౌండ్లు మిగులుతున్నాయి కదా అని ఆయన. "నాదేనా తప్పు? ఏం చేయమంటారు?" అని అడిగి, ఆఖర్న చిన్న అక్షరాలతో "చలికి ఇడ్లీ పిండి పులవడం లేదు, ఏదైనా ఉపాయం ఉందా?" అని రాశారు.

అమ్మా,

మీరు అడిగినవాటికి జవాబు తర్వాత. ముందు ఆ గుడ్డలు తీసేయండి. ఉత్తరం చేరిన రోజే ఈ ముక్క మీకు విడిగా రాశాను. చదివే మిగతా పడవల వాళ్ల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

మన దగ్గర చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకుని, తెల్లారి లేవనివాళ్ల గురించి విన్నాం కదా. నారోబోటు అంటే లోపల ఆరడుగుల వెడల్పున్న ఇనుప పెట్టె. అందులో బొగ్గు మండుతోంది, గ్యాస్ మండుతోంది, వెనకాల డీజిల్ ఇంజన్ నడుస్తోంది. ఆ కన్నాలు పెట్టింది ఊరికే కాదు. బొగ్గు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ఒంట్లోకి పోతే తలనొప్పి, కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం, అచ్చం జ్వరం లేని ఫ్లూలా ఉంటుంది. మీ తలనొప్పి టెన్షన్ వల్లే కావచ్చు. అది తేల్చాల్సింది డాక్టరు, మీరు కాదు. పడవలో బొగ్గు పొయ్యి ఉందనీ, కన్నాలు మూశామనీ చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. మీవారిని కూడా తీసుకెళ్లండి. పొగ గొట్టం శుభ్రం చేయించి, పొయ్యి తలుపు చుట్టూ ఉండే తాడు అరిగిందేమో చూపించేదాకా పొయ్యి వెలిగించకండి. ఆ రెండు మూడు రాత్రులు తెలిసినవాళ్లింట్లో పడుకోండి. పడవలో ఉండగా కళ్లు తిరిగితే మాత్రం ఆలోచించకుండా బయటికి వచ్చి, అక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కు ఫోన్ చేయండి.

మీవారు బ్యాటరీ తీసింది ఏ అలారానికి? పోపుకు మోగేది పొగ అలారం. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది ఆవాలు చిటపటలాడినంత మాత్రాన మోగదు. 2019 ఏప్రిల్ నుంచి జనం పడుకునే పడవల్లో అది తప్పనిసరి. రెండూ ఉండాలి, రెండిటికీ బ్యాటరీలు ఉండాలి. పొగ అలారాన్ని వంటగట్టుకు దూరంగా జరిపితే పోపు బాధ తీరుతుంది. బూడిద చల్లారిందనిపించినా లోపల నిప్పు దాక్కుని ఉంటుంది కాబట్టి, మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి ఎత్తి ఎప్పటికప్పుడు బయట పెట్టేయండి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు వేరే దారులేవీ చెప్పను.

ఇక మీ సంగతి. నేనూ అక్కడ పడవలో రెండు చలికాలాలు గడిపాను. అందుకే మీ ఉత్తరంలో బురద గట్టు మీద ట్రాలీ చక్రం దిగబడిన చోట నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను లాగినప్పుడు అవతలి చేయి పట్టుకోవడానికి ఇంకొకరు ఉండేవారు.

మీరిద్దరూ పడవ గురించి పోట్లాడుకుంటున్నాం అనుకుంటున్నారు. ఉత్తరం మూడుసార్లు చదివాను. పడవ మీద మీకు కోపం లేదు. జూన్ నెల గురించి రాసిన పేజీలో బాతు పిల్లల లెక్క కూడా ఉంది. మీ కోపమంతా పని పంపకం మీద. ఫ్లాటులో నీళ్లు తేవడం, మురుగు తీసుకుపోవడం, వేడి పుట్టించడం గోడల్లోని పైపులు, వైర్లు చేసేస్తాయి. పడవలో పైపు చేసే పని మనిషి చేయాలి. మీ పడవలో ఆ మనిషి మీరొక్కరే. మీవారు ఏడాదికి పదివేలు మిగిలాయంటున్నారు చూశారా, ఆ లెక్క తప్పు కాదు, సగమే వేశారు. అద్దె మిగిలిన పద్దు ఉంది, మీ గంటల పద్దు లేదు.

ఇది మీ ఇంటితో మొదలైన కథ కూడా కాదు. మీరు ఉంటున్న ఆ కాలువల్లోనే పందొమ్మిదో శతాబ్దంలో రైళ్లు వచ్చాక సరుకు పడవల బాడుగలు పడిపోయాయి. కూలి మనిషిని పెట్టుకునే స్తోమత లేక, ఇంటద్దె కూడా కలిసొస్తుందని, చాలామంది పడవవాళ్లు పెళ్లాం పిల్లల్ని పడవెక్కించారు. వెనకవైపు పదడుగుల గదిలోనే వంట, పడక, పురుళ్లు అన్నీ. లాకు (నీటిమట్టం మారే చోట పడవను దాటించే గేట్లు) తలుపులు తోసిందీ, పడవను లాగే గుర్రాన్ని నడిపించిందీ చాలాసార్లు ఆ ఆడవాళ్లూ పిల్లలే. బాడుగ డబ్బు మాత్రం పడవ పెద్ద చేతికొచ్చేది. రంగురంగుల గులాబీలు వేసిన ఆ పాత పడవల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. ఈ ముక్క మీవారికి చదివి వినిపిస్తారో లేదో మీ ఇష్టం. నేనైతే వినిపించేదాన్ని.

ఆయన చెడ్డవాడని అనడం లేదు. ఉత్తరంలో ఆయన ఒక రాత్రి ఒంటిగంటకు వానలో పైకెక్కి సోలార్ పలకకు ఊడిన వైరు బిగించాడని మీరే రాశారు. పెద్ద పనులు, అప్పుడప్పుడు వచ్చే పనులు, చేస్తే చేశానని చెప్పుకునే పనులు ఆయనవి. రోజూ ఉండే పనులు, చేసినా కనిపించనివి మీవి. డాబా మీద ట్యాంకు నాన్న కడుగుతాడు, గిన్నెలు అమ్మ తోముతుంది అన్న మన ఇళ్ల పద్ధతే కదా ఇది.

ఒక పని చేసి చూడండి. రెండు వారాలు, తలుపు పక్కన ఒక కాగితం అంటించి, ఏ పని ఎవరు చేశారో, ఎన్ని నిమిషాలు పట్టిందో ఇద్దరూ రాయండి. మీరొక్కరే రహస్యంగా రాస్తే అది చార్జిషీటు అవుతుంది, ఆయన వకీలులా వాదిస్తాడు. ఇద్దరూ రాస్తే లెక్క అవుతుంది. ఆయన లెక్కల మనిషి అన్నారు కాబట్టి చెబుతున్నా. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. కాగితం మీద ఆయన వరస ఖాళీగానే ఉండిపోతే, దాన్నిబట్టి మీరు తీసుకోవాల్సిన నిర్ణయం వేరుగా ఉంటుంది.

కేసెట్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో దాని గురించే తక్కువ రాశారు, సిగ్గుపడుతూ రాశారు. "మా అమ్మ చూస్తే ఏడుస్తుంది" అన్నారు. ఏడుస్తుంది, నిజమే. మన దేశంలో ఆ పని కొన్ని కులాల మనుషుల నెత్తిన పెట్టి, మిగతావాళ్లం ముక్కు మూసుకుని పక్కకు జరిగాం. దాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం తేవాల్సి వచ్చింది. అందుకే మనకు అది పని కాదు, అవమానం. అక్కడ కేసెట్లు పారబోసే చోట రిటైరైన టీచరూ ప్లంబరూ వరసలో నిలబడి, వాతావరణం గురించి మాట్లాడుకుంటూ ఎవరి పెట్టె వాళ్లు ఒంపుకుని పోతారు. మీకు నామోషీ అక్కర్లేదు. కానీ "నాకు వాసన పడదు" అన్న మాట ఉంది చూశారా, మీకు మాత్రం అది మల్లెపూల వాసనా? ఎవరి కేసెట్ వాళ్లు మోసుకునే చోట ఆయనది మీరెందుకు మోయాలి?

ఇందులో సగం కష్టం డబ్బుతో తీరేదే. ఇంకో రెండు కేసెట్లు కొనండి. ఇద్దరికి ఒకటి రెండు మూడు రోజులొస్తుంది కాబట్టి మూడుంటే వారం గడుస్తుంది. వారానికోసారి నీళ్ల కోసం ఎలాగూ పడవను నీళ్ల కుళాయి దగ్గరికి నడిపించుకెళ్తున్నారుగా, పారబోసే చోటూ అక్కడే ఉందన్నారు. శనివారం పొద్దున ఇద్దరూ వెళ్తే ట్యాంకు నిండే గంటలో మూడు కేసెట్లూ ఖాళీ అయిపోతాయి. ఇక గట్టు మీద ట్రాలీ లాగడం ఉండదు. పూర్తిగా నిండనివ్వకండి, 20 లీటర్ల పెట్టె నిండితే 20 కిలోలపైనే తూగుతుంది. ఒంపేటప్పుడు మూతి కిందికి వంచి, పైనున్న గాలి బటన్ నొక్కి పట్టుకుంటే గుడగుడమని చిమ్మకుండా ధారగా పోతుంది. బటన్ నొక్కడం మర్చిపోతే ఏమవుతుందో నాకు మొదటి వారమే తెలిసొచ్చింది, ఆ రోజు వేసుకున్న బూట్లు మళ్లీ వేసుకోలేదు. తర్వాత రెండుసార్లు కడిగి, కాసిని నీళ్లు, టాయిలెట్ మందు పోసి మూయడమే. మొదటి శనివారం మీవారి ముక్కుకు విక్స్ రాసి పంపండి. రెండో వారానికి అలవాటైపోతుంది. అందరికీ అవుతుంది.

ఇంజన్ సంగతీ అంతే. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కట్టేసిన పడవలో చార్జింగ్ కోసం ఇంజన్ నడపకూడదని లైసెన్సు షరతు. ఆయన ఇంటికొచ్చేది ఏడున్నరకు. అందుకే అది మీ మీటింగుల మధ్యకొచ్చి పడుతోంది. ఆయన పడవలో ఉండే నాలుగు రోజులూ ఆయనే నడపాలి, ఆ రెండు గంటలు మీరు తలుపేసుకుని పని చేసుకోవాలి. డిసెంబరులో ఆ దేశపు ఎండకు సోలార్ పలకలు పైన ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, వాటిని నమ్ముకోవద్దు. బొగ్గు సంచులు మోయడం మానేయండి. బొగ్గు అమ్ముకుంటూ తిరిగే పడవ వచ్చినప్పుడు వాళ్లనే పైకప్పు మీద పెట్టించుకుని, మూడు రోజులకు సరిపడా చిన్న బకెట్‌తో లోపలికి తెచ్చుకోవచ్చు.

బూజు మాట. మీరు గుడ్డలు కుక్కాక అది పెరిగిందో లేదో గమనించారా? పెరిగే ఉంటుంది. చలిగా ఉంది కదా అని మూస్తాం, మూస్తే ఆవిరి పోయే దారి లేక చల్లటి ఇనుప గోడకు చెమటలా పడుతుంది. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. దానికి మన అన్నం, పప్పు, చారు ఉడికే ఆవిరి కలపండి. ఇంగ్లిషువాళ్ల బ్రెడ్డు ముక్కకూ మన వంటకూ ఇక్కడే తేడా. ప్రెషర్ కుక్కర్ వాడుతున్నారన్నారు, మంచిదే, కానీ ఆవిరి వదిలేటప్పుడు పక్క తలుపు తెరవండి, లేదా దాన్ని బయట పెట్టి వదలండి. బట్టలు లోపల ఆరేయడం పూర్తిగా మానేయండి, లాండ్రెట్‌లోనే ఆరబెట్టించి తెచ్చుకోండి. పరుపు కింద చెక్క పట్టీలు వేసి గాలి ఆడనిచ్చి, రోజూ పొద్దున పరుపును గోడకు నిలబెట్టండి. ఇన్ని చేసినా ఫిబ్రవరి దాకా కిటికీలు తుడుచుకోవాల్సిందే. ఆ గుడ్డ చేతిలో లేని పడవ మనిషిని నేను చూడలేదు.

ఇప్పుడు అత్తమామల సంగతి. ఇక్కడ మీవారి మాట వినకండి. విజిటర్ వీసా దరఖాస్తులో ఎక్కడ ఉంటారో రాయాలి. ఉండని ఇంటిని మన ఇల్లని రాసి పంపితే, తెలిసిన రోజున వీసా రాకపోవడమే కాదు, మోసం కింద పదేళ్ల దాకా ఆ దేశం మొహం చూడనివ్వకపోవచ్చు. ఆ శిక్ష పడేది 66 ఏళ్ల మామగారికి, ఆయన చేయని తప్పుకు. మీ మూరింగ్ (పడవ కట్టుకునే చోటు) కాగితంలో 'లీజర్', అంటే సరదాకి వాడుకోవడానికి, అనే ఉందని, ఏడాది పొడవునా నివాసానికి కాదని కూడా రాశారు. అంటే అడ్రసు తిప్పలు మీకే ఉన్నాయి. చోటు యజమాని అభ్యంతరం చెబితే ఖాళీ చేయాలి. అప్పుడు కట్టుకునే చోటు లేని పడవ అవుతుంది మీది. 1995 నాటి చట్టం ప్రకారం ఒక్కచోట 14 రోజులకు మించి ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఆ బతుకు కొందరికి ఇష్టమే, కానీ వారానికి మూడు రోజులు లండన్ రైలు పట్టుకునే మనిషికి కుదరదు. మీ వర్క్ వీసాలకు కూడా సరైన అడ్రసు నమోదై ఉండాలి. కాబట్టి ఆ ఒప్పందం తీసుకుని యజమానితో ఈ నెలలోనే మాట్లాడండి. నివాసానికి ఒప్పుకుంటారేమో, ఎంత అడుగుతారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. లేదంటే కనీసం నిజం తెలుస్తుంది.

పెద్దవాళ్లకు నిజం చెప్పాలా? చెప్పకపోతే ఇంకెన్నాళ్లు చెక్క గోడకు ఆనుకుని కూర్చుంటారు? చెబితే ఒక వారం పది రోజులు గోల ఉంటుంది. "ఇల్లు లేక పడవలో ఉంటున్నారట" అని ఊళ్లో అనుకుంటారు. మీ అత్తగారు ఏడుస్తారు, మీరే ఆయన్ని ఇలా చేశారని అనొచ్చు కూడా. అందుకే ఆ మాట మీవారే చెప్పాలి, వాళ్ల అమ్మానాన్నలకు, మీరు పక్కన ఉండగా. మీ అమ్మానాన్నలకు మీరు చెప్పుకోండి. అయినా కోనసీమ మనుషులకు కాలువంటే ఏమిటో మనం చెప్పాలా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర ఆ కాలువల్ని పొలాలకు నీళ్ల కోసమే కాక పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. లాకులు, లాకుల దగ్గర ఆగిన పడవలు మీ మామగారు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఫోన్‌లో ముందు కాలువ చూపించండి, తర్వాత లాకు చూపించండి, ఆ తర్వాత పడవ చూపించండి. ఆయన లాకు తలుపు గురించి అడగడం మొదలుపెడితే అత్తగారి ఏడుపు కాస్త పక్కకు జరుగుతుంది.

కానీ సంక్రాంతికి మాత్రం రప్పించకండి. నిటారు మెట్లు, మంచు పట్టిన గట్టు, అర్ధరాత్రి ఇరుకు టాయిలెట్, మామగారికి మోకాళ్ల నొప్పులు. నలుగురుంటే కేసెట్ రోజూ నిండుతుంది. మేలో రమ్మనండి. పక్క ఊళ్లో నెలకు ఒక గది అద్దెకు తీసుకుని, వీసా కాగితాల్లో అదే అడ్రసు రాసి, పగలు పడవలో, రాత్రి గదిలో ఉంచండి. ఖర్చవుతుంది. మిగిలిన పదివేలు ఉన్నది ఇలాంటి వాటికే కదా. లేదు, సంక్రాంతికే వస్తామని వాళ్లు పట్టుబడితే మీరు కూడా వాళ్లతో కలిసి ఆ అద్దె ఇంట్లోనే ఉండండి. అప్పుడు పడవలో నీళ్లన్నీ, వేడినీళ్ల ట్యాంకుతో సహా, ఖాళీ చేసి వెళ్లాలి. ఒక్క రాత్రి గడ్డకడితే పైపులు పగులుతాయి.

అమ్మేయాలా అన్నదానికి వస్తే, అమ్మేయొచ్చు. తప్పేం లేదు. కానీ చలికాలంలో కొనేవాడు మీ బూజు చూసి బేరమాడతాడు, వసంతంలో అదే పడవ ఎండలో మెరుస్తూ కనిపిస్తుంది. అమ్మిపెట్టే ఏజెంటుకు కమీషన్ పోతుంది, అప్పు తీరాక చేతికి ఎంతొస్తుందో ఇప్పుడే లెక్కేసుకోండి. ఇంకోటి, ఈ గొడవలోనే అమ్మేస్తే "నీ వల్లే అమ్మాం" అన్న మాట కొత్త ఫ్లాటులోకి కూడా మీ వెంటే వస్తుంది. పని పంచుకోని మనిషి ఫ్లాటులోనూ పంచుకోడు, అక్కడ పని తక్కువ కాబట్టి కొన్నాళ్లు తెలియదు అంతే.

మధ్యేమార్గం ఒకటుంది. కరెంటు కనెక్షన్ ఉన్న మరీనాలో (పడవలు కట్టుకునే రేవులో) నివాసానికి అనుమతించే చోటు వెతకడం. అలాంటివి తక్కువ, చాలాచోట్ల వరసలో ఎదురుచూడాలి, ఇప్పుడు కట్టేదానికంటే బాగా ఎక్కువవుతుంది, కౌన్సిల్ టాక్స్ (అక్కడి ఇంటిపన్ను) కూడా పడొచ్చు. రైల్వే స్టేషన్ దూరం కావచ్చు. మీవారికి ఇదే నచ్చదు, ఎందుకంటే పదివేలు నాలుగైదు వేలవుతాయి. కానీ గోడకు ప్లగ్గు వస్తుంది. చెమ్మ లాగే మెషీన్ రాత్రంతా తిరుగుతుంది, చార్జింగ్ కోసం ఇంజన్ నడపక్కర్లేదు, మిక్సీ వేస్తే ఇన్వర్టర్ కుయ్యిమనదు, కేసెట్ పారబోసే చోటు వంద అడుగుల్లో ఉంటుంది. నన్నడిగితే పడవ ఉంచుకోవాలనుకుంటే ఇదే నాకు నచ్చే దారి. నేనూ రెండో చలికాలం అలాగే గడిపాను. మీరు మాత్రం నా మాట మీద కాక, ఆ రెండు వారాల కాగితం చూశాక తేల్చుకోండి. ఆయన వరస నిండితే ఇప్పుడున్న చోటే మార్చి దాకా ఓపిక పట్టొచ్చు. సగం నిండితే మరీనా. ఖాళీగా ఉంటే, ఏప్రిల్‌లో పడవకు రంగు వేయించి అమ్మకానికి పెట్టండి, ఈలోగా మీకు ఎక్కడ ఉండాలనుందో, ఎవరితో ఎలా ఉండాలనుందో కూడా తీరిగ్గా ఆలోచించుకోండి.

తప్పు మీదేనా అని అడిగారు. గుడ్డలు కుక్కడం ఒక్కటే మీ తప్పు.

ఇడ్లీ పిండికి: పొయ్యి బాగుచేయించాక మాట ఇది. గిన్నెను పొయ్యి మీద పెట్టకండి, అడుగు ఉడికిపోతుంది. పొయ్యి ఉన్న వైపే, దానికి మూడడుగుల దూరంలో, మోకాలి ఎత్తున ఒక చెక్క బల్ల వేసి దాని మీద పెట్టండి. పిండి రుబ్బేటప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసి, పిడికెడు అటుకులు నానబెట్టి కలపండి. ఉప్పు పులిశాకే వేయండి. గిన్నె సగానికే నింపి, పాత దుప్పటి చుట్టి, రాత్రి ఏడింటికి పెడితే మర్నాడు మధ్యాహ్నానికి పొంగుతుంది. పొద్దుటికే కావాలని తొందరపడకండి, ఆ చలిలో దానికి పదహారు పదిహేడు గంటలు పడుతుంది.